వద్దండీ పర్లేదు అనే ముందు: వాలంటీర్ చేతికొచ్చే బొంత, బుట్ట, ఆవకాయ సీసా

వాలంటీర్‌గా చేరేటప్పుడు ఏ సంస్థ అయినా ఒక గంటో రెండు గంటలో ఓరియెంటేషన్ పెడుతుంది. టైమ్‌కి రావాలి, వస్తానని చెప్పి ఎగ్గొట్టకూడదు, పిల్లల మీద చెయ్యి ఎత్తకూడదు, డబ్బు వ్యవహారాలు పెట్టుకోకూడదు, ఇలా ఎలా ఇవ్వాలో మొత్తం చెప్తారు గానీ ఎలా పుచ్చుకోవాలో మాత్రం దాదాపు ఎవరూ చెప్పరు. తీరా కొన్ని నెలలు వెళ్ళాక ఒకరోజు ఎవరో పెద్దావిడ క్యారీబ్యాగ్‌లో చుట్టి తెచ్చిన బొంతో, వైరు బుట్టో, సీసాడు ఆవకాయో చేతిలో పెట్టి "తీసుకో బాబూ, నేనే చేశాను" అంటుంది. అప్పుడు నోట్లోంచి ఠక్కున వచ్చే మాట "అయ్యో వద్దు మామ్మగారూ, పర్లేదు, మేం ఏమీ తీసుకోం". అన్నవాళ్ళు మర్యాదకే అంటారు, అందులో అనుమానం లేదు. అవతలి మనిషికి అది మర్యాదలాగే వినపడుతుందా అంటే చాలాసార్లు వినపడదు, ఎందుకు వినపడదో చూడాలంటే ఆ వస్తువు వెనక ఉన్న లెక్క ఏంటో ముందు తెలియాలి.

బొంత సంగతే తీసుకుందాం. ఇంట్లో పాతబడి మెత్తబడ్డ నేత చీరలు, పంచెలు, లుంగీలు నాలుగైదు పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి, ముడతలు లేకుండా అరచేత్తో సాపు చేసి, ముందు పెద్ద పెద్ద టాకాలు వేసి పొరలు జరక్కుండా బిగించి, తర్వాత అంచు దగ్గర మొదలుపెట్టి వరస తర్వాత వరస కుట్టుకుంటూ పోవాలి. పొరలు మందం కాబట్టి సూది ఒక పట్టాన దిగదు, వేలు నొప్పెడుతుంది, చూపు ఆనని వయసులో సూదిలోకి దారం ఎక్కించడానికి ప్రతిసారీ మనవరాల్ని పిలవాలి. దగ్గరగా పెట్టుకుని చూస్తే ఒక మూల కుట్లు పొట్టిగా, బియ్యపు గింజంత ఉంటాయి, ఇంకో మూలకి వచ్చేసరికి పొడుగు సాగి కాస్త పక్కకి వాలతాయి, మధ్యలో ఎక్కడో తెల్ల దారం అయిపోయి నీలం దారం మొదలవుతుంది. మీద పొర మాత్రం ఉన్నవాటిలో మంచి చీరే వేస్తారు, అంచు అందంగా బయటికి కనపడేలాగా.

ఇప్పుడు దీనికి ఖరీదు కట్టమంటే చాలామంది గుడ్డ ఖరీదు చూస్తారు, పాత గుడ్డ కాబట్టి సున్నా అంటారు. కానీ మధ్యాహ్నం అన్నాలయ్యాక రోజుకి రెండు గంటలు చొప్పున ఇరవై రోజులు కుట్టిందనుకుందాం, నలభై గంటలు అయ్యాయి. 8 గంటల పనిదినం లెక్కన ఐదు రోజుల కూలి. 2024-25లో ఉపాధి హామీ రోజు కూలి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 300 రూపాయలు, అంటే 1500 రూపాయల పని. ఇది డబ్బులో లెక్క, అంత ముఖ్యం కాదు. ముఖ్యమైన లెక్క ఇంకోటి ఉంది. వారానికి రెండు గంటలు చొప్పున ఇరవై వారాలు బస్తీకి వచ్చి ఆవిడ మనవడికి లెక్కలు చెప్పిన వాలంటీర్ ఇచ్చింది ఎంత? అది కూడా నలభై గంటలే. నువ్వు నీ టైమ్ ఇచ్చావు, నేను నా టైమ్ ఇచ్చాను, ఇక సరిపోయింది, ఇదీ ఆ బొంత చెప్పే మాట. అందుకే దాన్ని థాంక్స్ కింద జమ కట్టడం తప్పు అనిపిస్తుంది, థాంక్స్ చెప్పడానికి నోరు చాలు, నలభై గంటలు కూర్చోనక్కర్లేదు, ఇది బాకీ తీర్చడం, ఇంకా సూటిగా చెప్పాలంటే కింద ఉన్న చెయ్యిని పైకి తెచ్చుకోవడం.

ఫ్రెంచ్ మానవశాస్త్రవేత్త మార్సెల్ మాస్ 1925లో రాసిన వ్యాసంలో ఇదే చెప్పాడు, బహుమతి అనేది ఎక్కడా ఊరికే ఉండదు, ఇవ్వడం ఒక బాధ్యత, పుచ్చుకోవడం ఒక బాధ్యత, తిరిగి ఇవ్వడం ఇంకో బాధ్యత, ఈ మూడింట్లో దేన్ని కాదన్నా అవతలివాళ్ళతో సంబంధం వద్దన్నట్టే అని. ఆయన పసిఫిక్ దీవులవాళ్ళ గురించీ ఉత్తర అమెరికా తెగల గురించీ వేరేవాళ్ళు రాసినవి చదివి రాశాడు గానీ మన పేరంటానికి వచ్చి కూర్చున్నా ఇదే తేలేది. శ్రావణ మాసంలో "ఇస్తినమ్మ వాయనం" అని ఒకరు అంటే "పుచ్చుకుంటినమ్మ వాయనం" అని రెండోవాళ్ళు పైకి అనాల్సిందే, మూడుసార్లు అంటారు, తలూపి ఊరుకుంటే కుదరదు. పుచ్చుకోవడం కూడా ఒక పనే అని, దానికీ నోరు తెరవాలని ఆ వాడుక పెట్టినవాళ్ళకి బాగా తెలుసు. పెళ్ళిలో చదివింపులు నోట్ బుక్‌లో రాసిపెట్టేది ఎందుకు, రేపు వాళ్ళింట్లో పెళ్ళికి అంతకి తగ్గకుండా పెట్టాలనే కదా. ఇంత పక్కాగా ఇచ్చిపుచ్చుకోవడాలు నడిపే మనుషుల మధ్యకి ఒకడు వచ్చి, నేను ఇస్తూనే ఉంటాను, మీ దగ్గర్నుంచి మాత్రం ఏమీ తీసుకోను అంటే, వాడి మంచితనం సంగతి అలా ఉంచితే, వాళ్ళని ఎప్పటికీ బాకీలోనే ఉండమన్నట్టు.

ఇక్కడ గమనించాల్సింది, చేత్తో చేసిన వస్తువు మొదటి రోజు రాదు. వరదలప్పుడు 2024 సెప్టెంబర్‌లో విజయవాడ సింగ్ నగర్ వైపు నడుంలోతు నీళ్ళలో అన్నం పొట్లాలు, పాల ప్యాకెట్లు మోసినవాళ్ళకి ఎవరూ బుట్టలు అల్లి ఇవ్వరు, ఇచ్చే పరిస్థితీ కాదు, ఇచ్చినవాళ్ళ మొహం కూడా సరిగా గుర్తుండదు. ఒకరోజు వచ్చి దుప్పట్లు పంచి ఫొటో దిగి వెళ్ళేవాళ్ళకీ రాదు. అల్లడానికో కుట్టడానికో పట్టినన్ని రోజులు ఆ మనిషి మనసులో మెదిలితేనే ఆ వస్తువు పూర్తవుతుంది, పైగా మళ్ళీ వస్తాడన్న నమ్మకం ఉండాలి, లేకపోతే ఎవరికని కుడతారు. ఆ లెక్కన బొంత వచ్చిందంటే వాలంటీర్ హాజరు పట్టీ మీద ఊరు సంతకం పెట్టినట్టే, సంస్థలు తయారుచేసే ఇంపాక్ట్ రిపోర్టుల కంటే అది నమ్మదగ్గది.

ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులు దీనికి కాస్త మధ్యరకం. 1969 సెప్టెంబర్ 24న గాంధీ శతజయంతి సంవత్సరంలో 37 యూనివర్సిటీల్లో 40,000 మంది విద్యార్థులతో మొదలైన పథకం అది, రెండేళ్ళలో 240 గంటల సేవ, మధ్యలో దత్తత గ్రామంలో ఏడు రోజుల స్పెషల్ క్యాంపు. ఏడు రోజుల్లో బొంత అవ్వదు గానీ తాటాకు విసనకర్ర అవుతుంది, బడి పిల్లలు చార్టు ముక్క మీద వేసిన బొమ్మ అవుతుంది, ఆఖరి రోజు ముగింపు సభ అయ్యాక ఎవరో ఇంటి నుంచి జంతికల డబ్బా తెస్తారు. స్టేజి మీద సర్పంచ్ గారు కప్పే శాలువా వేరు, అది ఊరి తరఫున మర్యాద, కొనుక్కొచ్చిందే. బస్సు ఎక్కబోతుంటే కిటికీలోంచి లోపలికి వచ్చే విసనకర్ర వేరు.

అక్షరాస్యత పని చేసినవాళ్ళకి వచ్చే బహుమతి ఇంకా చిత్రంగా ఉంటుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రి బడుల ఉద్యమం జీతం లేని వాలంటీర్ల మీదే నడిచింది, దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడటానికి ఆ చదువులు కూడా ఒక కారణం అని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇప్పుడు ఉల్లాస్ పేరుతో కేంద్రం నడిపే వయోజన విద్య కార్యక్రమం కూడా వాలంటీర్ల మీద ఆధారపడిందే. ఇలాంటి చోట అరవై ఏళ్ళ మనిషి ఏదో ఒకరోజు కాగితం మీద తన పేరు, ఊరి పేరు, చదువు చెప్పిన అమ్మాయి పేరు గుండ్రటి పెద్ద అక్షరాలతో రాసి ఇస్తే, అది చేత్తో చేసిన వస్తువు కాదా? గుణింతాల్లో తప్పులుంటాయి, గీత దాటి అక్షరం కిందికి జారుతుంది, అయినా అందులో వాడిన సరుకంతా ఆ వాలంటీర్ ఇచ్చిందే. దాన్ని చూడగానే ఎర్ర పెన్ను తీసి తప్పులు దిద్దే మనుషులు ఉంటారు, వాళ్ళకి చదువు చెప్పే అలవాటు మరీ ఎక్కువైందన్నమాట.

ఇక తినేవాటి దగ్గరికి వద్దాం, ఎందుకంటే మన దగ్గర చేత్తో చేసి ఇవ్వడం అంటే ముందు గుర్తొచ్చేది తినేదే. ఆవకాయ, సున్నుండలు, అరిసెలు, సజ్జరొట్టె, ఇంట్లో ఆవు ఉంటే జున్ను. వద్దనడం వల్ల అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తగిలేది కూడా ఇక్కడే, దీని గురించి వాలంటీర్ సంస్థలు ఎందుకో నోరు మెదపవు.

తెలుగు పల్లెల్లో ఎవరి ఇంట్లో నీళ్ళు తాగొచ్చు, ఎవరి చేతి కూడు ముట్టొచ్చు అన్నది మొన్నమొన్నటి దాకా కులం తేల్చిన విషయం, చాలా చోట్ల ఇప్పటికీ అదే తేలుస్తోంది. టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి గురించి పౌరహక్కుల సంఘాలు, దళిత సంఘాలు ఎన్నిసార్లు పోరాడాయో తెలిసిందే, రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనం రద్దయి 75 ఏళ్ళు దాటినా సరే. ఇప్పుడు సిటీ నుంచి వచ్చిన కుర్రాడు మాలపల్లెలోనో మాదిగ వాడలోనో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని, లోపల్నుంచి ఆవిడ ప్లేట్లో నాలుగు అరిసెలు తెచ్చి పెడితే "వద్దు పెద్దమ్మా, ఇప్పుడే తినొచ్చాను" అంటాడు. వాడికి నిజంగానే కడుపు నిండి ఉండొచ్చు, కులం అనే ఆలోచనే బుర్రలో లేకపోవచ్చు, వీళ్ళకి ఖర్చు ఎందుకు పెట్టించడం అన్న జాలి కూడా ఉండొచ్చు. కానీ ఆ ఇంట్లో వాళ్ళు ఈ మాట ఎన్ని తరాలుగా ఎన్ని రకాల మర్యాదల్లో విన్నారు, ఇప్పుడే తిన్నాం, ఉపవాసం, కడుపు బాలేదు, డాక్టర్ వద్దన్నాడు, అన్నీ ఒకే అర్థానికి మర్యాద ముసుగులు. ఆవిడకి కుర్రాడి మనసు ఎలా తెలుస్తుంది, వచ్చిన మాట పాత మాటే, పాత మాటలాగే తగులుతుంది. ఆవిడ ఏమీ అనదు, సరే బాబూ అని ప్లేటు లోపలికి తీసుకెళ్ళిపోతుంది, ఇంకోసారి పెట్టదు, ఆ వీధిలో ఇంకెవరూ కూడా పెట్టరు, వాలంటీర్‌కి మాత్రం ఏం జరిగిందో ఎప్పటికీ తెలియదు.

కాబట్టి అక్కడ చెయ్యాల్సింది చాలా చిన్నది, ఒక అరిసె తీసుకుని వాళ్ళ ఎదురుగానే ఒక ముక్క కొరకడం. షుగర్ ఉంటే చిన్న ముక్క తుంచుకుని మిగతాది పొట్లం కట్టి ఇవ్వమని అడగొచ్చు, అడిగి మరీ పట్టుకెళ్ళడం కంటే గట్టి జవాబు లేదు. కుష్టు వ్యాధి నయమైనవాళ్ళ కాలనీల్లో కూడా ఇదే, అక్కడ నేసిన తువ్వాలు అందుకునేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం తటపటాయిస్తే చాలు, వాళ్ళు కనిపెట్టేస్తారు, జీవితమంతా కనిపెడుతూనే ఉన్నారు కాబట్టి. మందులు వాడి నయమైన మనిషి ముట్టుకున్న గుడ్డ నుంచి ఏ జబ్బూ రాదు.

కుచేలుడి అటుకుల కథ ఇలాంటప్పుడు అందరూ చెప్తారు. అందులో అందరికీ గుర్తుండేది చివర్లో వచ్చిన మేడలు, సంపద. ఈ విషయానికి పనికొచ్చేది మాత్రం మధ్యలో ఉంది, ద్వారక వైభవం చూసి సిగ్గుపడి కుచేలుడు మూట బయటికి తీయడు, కృష్ణుడే కొంగులో ముడి చూసి, నాకేం తెచ్చావు అని అడిగి లాక్కుని నోట్లో వేసుకుంటాడు. ఇచ్చేవాళ్ళకి ఉండే బెరుకు అది, మా బోటివాళ్ళది ఏం బాగుంటుందిలే అని. ఆ బెరుకు పోగొట్టే పని తీసుకునేవాళ్ళదే. చివర్లో మేడలు ఇచ్చేయడం దేవుడికి చెల్లింది గానీ వాలంటీర్ ఆ దారి పట్టకూడదు. బొంత తీసుకుని వెంటనే జేబులోంచి 500 నోటు తీసి "ఉంచు అవ్వా" అని చేతిలో పెట్టేవాళ్ళు ఉన్నారు, మంచి మనసుతోనే పెడతారు, దాంతో నలభై గంటల పని కాస్తా 500 రూపాయల సరుకైపోతుంది, బాకీ మళ్ళీ మొదటికొస్తుంది. పుట్టినరోజు ఫంక్షన్లలో రిటర్న్ గిఫ్ట్ అలవాటు అయ్యాక ఈ తొందర ఇంకా ఎక్కువైనట్టుంది.

చేతిపనే బతుకుతెరువైన మనుషుల దగ్గర లెక్క కొంచెం మారుతుంది. ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్క రంగులతో బొమ్మ చేసే ఆయనకి, కొండపల్లిలో తెల్ల పొణికి కర్ర చెక్కే కుటుంబానికి, నరసాపురం చుట్టుపక్కల ఇంట్లో కూర్చుని లేసు అల్లే ఆవిడకి ఆ వస్తువే నెల జీతం. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో, ఈ సరుకు ఈ ఊరిదే అని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది, పేరు వచ్చింది, అయినా ఇచ్చేసిన బొమ్మ అంటే అమ్మకం పోయిన బొమ్మే కదా. డిజైన్ కాలేజీల పిల్లలు, ఫొటోలు తీసి పెట్టే వాలంటీర్లు ఇలాంటి ఊళ్ళకి వెళ్ళినప్పుడు చేతిలో ఏదో ఒకటి పెట్టకుండా పంపరు. అక్కడ ఇచ్చింది తీసుకోవాలి, ఏది కావాలో ఎంచుకోమంటే చిన్నది ఎంచుకోవాలి, కాసేపాగి వేరే వస్తువులు రెండో మూడో బేరం ఆడకుండా పూర్తి రేటుకి కొనాలి. ఇచ్చింది ఇచ్చినట్టుగానే ఉంటుంది, కొన్నది కొన్నట్టు ఉంటుంది, రెండూ కలిపి "అన్నిటికీ కలిపి ఇంత తీసుకోండి" అంటే మాత్రం ఇచ్చిన బొమ్మకి కూడా ధర కట్టేసినట్టే.

మరి వద్దనాల్సిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి, అవి తేలిగ్గా తీసుకునేవి కాదు. మొదటి ప్రశ్న ఒక్కటే: ఈ మనిషి ఇది ఇవ్వకపోతే నా వల్ల వీళ్ళకి ఏమైనా నష్టం జరుగుతుందని అనుకునే వీలుందా? ఉచిత ట్యూషన్ చెప్పే అమ్మాయికి బుట్ట ఇవ్వకపోయినా ట్యూషన్ ఆగదు, ఆ సంగతి ఇచ్చేవాళ్ళకీ తెలుసు. లిస్టులో పేరు రాసే మనిషి, రేషన్ కిట్లు ఎవరికి ముందు ఇవ్వాలో చూసే మనిషి, కళ్ళ ఆపరేషన్‌కి ఎవర్ని పంపాలో తేల్చే మనిషి అయితే కథ వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి కొన్నేళ్ళు నడిచిన గ్రామ, వార్డు వాలంటీర్ వ్యవస్థలో 50 ఇళ్ళకి ఒకరు ఉండేవారు, నెలకి 5000 గౌరవ వేతనం, పెన్షన్ ఇంటికి తెచ్చి చేతిలో పెట్టేది వాళ్ళే. ఆ తెచ్చే పిల్లకి ముసలాయన తోటలో జామకాయలు కోసిస్తే అందులో ప్రేమ ఉండొచ్చు, వచ్చే నెల ఇబ్బంది రాకూడదన్న జాగ్రత్త కూడా ఉండొచ్చు, ఏది ఎంతో ఆయనకే తెలియకపోవచ్చు. అధికారం కొసరంత ఉన్నా సరే బహుమతి మీద దాని నీడ పడుతుంది. ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో ఇందుకే రూలే ఉంది, 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాల్లో 13వది బహుమతుల మీదే, అయితే అందులో కూడా ఎప్పుడో ఒకపూట భోజనం, బండి మీద లిఫ్ట్, ఆ పాటి ఆతిథ్యం బహుమతి కింద రావని విడిగా రాశారు. రూలు రాసినవాళ్ళు కూడా మజ్జిగ గ్లాసు దగ్గర తగ్గారు.

రెండోది, కొన్నది. పాత గుడ్డతో కుట్టింది, తాటాకుతో అల్లింది, ఇంట్లో మామిడికాయతో పెట్టింది వేరు, ఉన్న కాస్త డబ్బుతో కొత్త చీరో, స్టీలు గిన్నెల సెట్టో, వెండి కుంకుమ భరిణో కొని తెచ్చింది వేరు. అప్పు చేసి కొన్నారేమో అన్న అనుమానం వచ్చిందంటే వెనక్కి ఇచ్చేయాల్సిందే, నొచ్చుకున్నా సరే. ఒకళ్ళు ఇస్తే పక్కింటివాళ్ళకి కూడా ఇవ్వాలన్న పోటీ పుడుతుంది, నాలుగిళ్ళు తిరిగేసరికి అది చందాలాగా తయారవుతుంది, ఇది చాలా బస్తీల్లో టీచర్స్ డే నాడు కళ్ళారా కనపడే సంగతే. అందుకని ఒక ఇంట్లో ఇచ్చింది చంకన పెట్టుకుని వీధంతా చూపిస్తూ నడవకపోవడం మంచిది.

గాంధీ గారి వ్యవహారం ఇక్కడ పనికొస్తుంది. 1901లో దక్షిణాఫ్రికా వదిలి వచ్చేటప్పుడు నేటాల్‌లోని భారతీయులు ఆయనకి బంగారం, వెండి, వజ్రాల వస్తువులు బహుమతిగా ఇచ్చారు, కస్తూర్బా కోసం 50 గినీల నెక్లెస్ కూడా. ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు, అక్కడి వ్యాపారి పార్సీ రుస్తుంజీ లాంటివాళ్ళని ట్రస్టీలుగా పెట్టి మొత్తం సమాజం పనికే వెనక్కి ఇచ్చేశాడు. కస్తూర్బా ఒప్పుకోలేదు, మీ సేవకి వచ్చినవి మీరు ఇచ్చేయండి, నాకిచ్చిన నెక్లెస్ మీద మీకేం హక్కు, మీ కోసం రాత్రీ పగలూ నేను పడ్డ చాకిరీ సేవ కాదా అని గట్టిగానే అడిగింది, ఆ ప్రశ్నకి ఆయన దగ్గర సరైన జవాబు ఉన్నట్టు కనపడదు. నిజానికి ఇవాళ కూడా వాలంటీర్లు వదులుకునే దాంట్లో ఇంట్లోవాళ్ళ వాటా ఉంటుంది, ఆదివారం పొద్దున్న బస్తీకి వెళ్ళిన మనిషి ఇంట్లో ఆ పూట పని ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. సరే, బంగారం వద్దన్న అదే గాంధీ 1924లో బెల్గాం కాంగ్రెస్ నాటికి పార్టీ సభ్యత్వానికే నెలకి 2000 గజాల చేతి నూలు అడిగే దాకా వచ్చాడు. వడకడం ఇష్టం లేనివాళ్ళు వేరేవాళ్ళు వడికింది ఇవ్వొచ్చన్న వెసులుబాటు పెట్టారు గానీ, అడిగింది మాత్రం చేతి పనే. చంద్రుడికో నూలుపోగు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

అన్నిటికంటే అనుమానంగా చూడాల్సింది మాత్రం పిల్లల హోముల్లో వచ్చే గ్రీటింగ్ కార్డులని. పుట్టినరోజుకి కేకు, బిర్యానీ ప్యాకెట్లు పట్టుకుని దాతలు వస్తారు, పిల్లలు వరసగా కూర్చుంటారు, పాట పాడతారు, ఒక పిల్ల లేచి వచ్చి స్కెచ్ పెన్నులతో పూలు గీసిన కార్డు ఇస్తుంది. అది ముందురోజు స్టడీ అవర్‌లో వార్డెన్ కూర్చోబెట్టి గీయించిందైతే దాన్ని బహుమతి అనడం కష్టం, అదొక హోంవర్క్. వచ్చిన ప్రతివాళ్ళకీ కృతజ్ఞత చూపించడం పిల్లల డ్యూటీ చేసేశారన్నమాట. ఎలా తెలుస్తుందంటే పెద్ద కష్టం లేదు, కార్డులన్నీ ఒకేలా ఉంటాయి, స్పెల్లింగ్ తప్పు ఒక్కటి కూడా ఉండదు, ఎవరికి ఇస్తున్నారో ఆ పేరు మాత్రం తర్వాత నింపినట్టు వేరే రంగులో ఉంటుంది. నిజంగా పిల్లలు ఇచ్చేది సాధారణంగా ఎవరూ చూడనప్పుడు ఇస్తారు, నోట్ బుక్ వెనక పేజీ చించి నాలుగు మడతలు పెట్టి, అందులో వాలంటీర్ అక్క బొమ్మకి జుట్టు మరీ ఎక్కువ గీసి. సంస్థ నడిపేవాళ్ళకి చెప్పగలిగే చనువు ఉంటే ఈ కార్డుల డ్యూటీ ఆపమని చెప్పడం మంచిది.

ఫొటో సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కార్డు పట్టుకుని పిల్లతో సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టడం చాలామందికి మామూలైపోయింది, కార్డు మీద పేరు, క్లాసు, హోమ్ పేరు అన్నీ కనపడుతుంటాయి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు తెలిసేలా వివరాలు, ఫొటోలు బయట పెట్టకూడదు, శిక్ష కూడా ఉంది. పెద్దవాళ్ళ విషయంలో చట్టం అడ్డం రాకపోవచ్చు గానీ "ఈ పేద తల్లి తన చేతులతో కుట్టి ఇచ్చిన బొంత" అని క్యాప్షన్ పెట్టి ఆవిడ ఇంటి గుమ్మంలో ఫొటో వేస్తే, ఆవిడ నలభై గంటలు కూర్చుని తెచ్చుకున్న సమానత్వం ఒక్క పోస్టుతో పోతుంది, మళ్ళీ పేద తల్లి దగ్గరికే వచ్చి ఆగుతుంది.

సంస్థలు చెయ్యాల్సింది పెద్దగా లేదు. బహుమతులు నిషేధం అని ఒక్క లైను రాసి చేతులు దులుపుకోకుండా, చేత్తో చేసినవి, తినేవి తీసుకోవచ్చు, డబ్బు, బంగారం, వెండి, కొన్న వస్తువులు తీసుకోకూడదు, ఎవరికి ఏ సాయం అందాలో నిర్ణయించే మనిషి అయితే పెద్దదేదైనా ఆఫీసుకే ఇచ్చేయాలి అని రాస్తే చాలు. పదిమంది పనిచేసిన చోట ఒక్కరికే బుట్ట వస్తే కాస్త ముఖాలు మాడటం కూడా ఉంటుంది, అది వాలంటీర్లు వాళ్ళలో వాళ్ళు చూసుకోవాల్సిన విషయం, బుట్ట ఇచ్చిన ఆవిడది కాదు.

తీసుకున్నాక వాడాలి. బొంత అల్మారాలో దాచి పెట్టేకంటే మంచం మీద వెయ్యడం మేలు, చల్లనీళ్ళలో నానబెట్టి మెత్తగా ఉతికి ఎండలో ఆరేస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది, ఉతికేకొద్దీ ఇంకా మెత్తబడుతుంది. ఇచ్చినవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు కూడా, చలికి ఆగుతోందా బాబూ, కుట్లు ఎక్కడన్నా ఊడాయా అని, ఊడితే పట్టుకొచ్చి ఇవ్వమంటారు. వైరు బుట్టలో కూరగాయలు తెచ్చుకుంటూ ఆవిడ కంట పడితే వేరే ఏం చెప్పనక్కర్లేదు. ఆవకాయ అయిపోయాక సీసా కడిగి తిరిగి ఇవ్వాలి, అది ఆవిడ సీసా, వచ్చే వేసవికి కావాలి. మన ఇళ్ళలో ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగి పంపే అలవాటు లేదు కాబట్టి అందులో ఏదో ఒకటి వెయ్యాలి, నోటు మాత్రం కాదు, కాస్త పంచదారో, ఇంట్లో వేయించిన చెగోడీలో.